కలువ నీటిని శుభ్రం చేయదు

ఈమధ్య ఒక తోటల పత్రికలో పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చే శీర్షిక చదువుతుంటే ఒక చిన్న ఉత్తరం కంటబడింది. పెరట్లో తవ్వించుకున్న కొలనులో నీరు పచ్చగా మారిపోయిందని, జానెడు లోతున తిరిగే చేప కూడా కనబడటం లేదని, నీళ్లు తోడేసి కొత్తవి నింపినా కొద్ది రోజులకే మళ్లీ అదే రంగు తేలుతోందని ఆ పాఠకుడు మొరపెట్టుకున్నాడు. జవాబు ప్రశ్నలో సగం కూడా లేదు. నాలుగు కలువలు నాటుకోవాలని, అవి నీటిలోని మలినాలను పీల్చుకొని తేటపరుస్తాయని, ఒకసారి నిలదొక్కుకున్నాక ఇక పట్టించుకోవలసిన పని ఉండదని ఆ సలహా సారాంశం. ఇది కొత్త మాటేమీ కాదు. మొక్కలు అమ్మేవాళ్లు చెబుతారు, కొన్నవాళ్లు మరొకరికి చెబుతారు; ఇన్ని నోళ్లలో నలిగిన మాట కాబట్టి ఎవరూ దానిని పరీక్షకు పెట్టరు.

నా అభిప్రాయం దీనికి దాదాపు పూర్తిగా ఎదురు. కలువ తనంతట తాను నీటిని శుభ్రం చేయదు. పట్టించుకోకుండా వదిలేస్తే, ముఖ్యంగా నీరు వచ్చే దారీ పోయే దారీ లేని చిన్న కొలనులో, అది నీటిని మరింత పాడుచేస్తుంది. మొక్క పెంచిన ఆకును సమయానికి తుంచి బయటికి తీసే మనిషి ఉన్నప్పుడే కలువ కొలనుకు మేలు చేస్తుంది. అంటే కలువ పెంపకంలో నాటడం ఒక పూట పని అయితే, మిగిలిన కాలమంతా తీసివేతే. ఇలా అన్నంత మాత్రాన కలువ మీద నాకు కోపం ఉందని అనుకోవద్దు. ఏళ్ల తరబడి పెంచుతున్నాను, ఇకముందూ పెంచుతాను. నా తగవు మొక్కతో కాదు, దాని పేరిట ఇచ్చే హామీతో.

మేత మట్టిలో, చావు నీటిలో

నీటి మొక్కలన్నీ ఒకే తీరున బతకవు. గుర్రపుడెక్క, అంతర తామర వంటివి నీటిపై తేలుతూ, వేళ్లను నీటిలోకి వేలాడదీసి, అందులో కరిగి ఉన్న నత్రజనిని, భాస్వరాన్ని నేరుగా లాక్కుంటాయి. పూర్తిగా మునిగి పెరిగే మొక్కలు చాలావరకు ఆకులతోనూ కాడలతోనూ కూడా పోషకాలను తీసుకోగలవు. నీటిని తేటపరుస్తాయన్న మాట వీటి విషయంలో కొంతవరకు చెల్లుతుంది. కలువ సంగతి వేరు. దాని దుంప అడుగున మట్టిలో పాతుకొని ఉంటుంది, వేళ్లు ఆ మట్టిలోనే పాకుతాయి, తనకు కావలసిన పోషకాలలో అధిక భాగం ఆ మట్టి నుంచే వస్తుంది. నీటిపైన పరుచుకున్న ఆకును చూసి అది నీటి నుంచే బతుకుతోందని అనుకోవడం సహజమే కానీ, కంచం ఉన్నది అడుగున.

దీని పర్యవసానం ఏమిటో కొంచెం నిదానంగా చూడాలి. మట్టిలో పూడి, నీటికి అందకుండా ఉన్న పోషకాన్ని కలువ వేళ్లతో పట్టి, మూరల పొడవైన కాడ గుండా పైకి పంపి, ఆకుగా మారుస్తుంది. ఆ ఆకు ఆయుష్షు చాలా తక్కువ. నీటిపైకి వచ్చి విచ్చుకున్నది మొదలు సుమారు నెల, నెలన్నర. ఆ తర్వాత అది పండి, మెత్తబడి, మునిగి, కుళ్లుతుంది. ఎదుగుదల సాగే కాలంలో ఒక మొక్క మీద ఆకులన్నీ ఇలా పలుమార్లు పాతవి పోయి కొత్తవి వస్తుంటాయి. కుళ్లిన ప్రతి ఆకూ తనలోని నత్రజనిని, భాస్వరాన్ని నీటిలోకి వదులుతుంది. అంటే వదిలేసిన కలువ అడుగు మట్టిలోని పోషకాన్ని తోడి నీటిలో పోసే పని చేస్తోంది. నీరు పచ్చబడటానికి కారణమైన సూక్ష్మమైన పాచికి సరిగ్గా కావలసింది అదే. ఒకవేళ మొక్క కొంత నీటి నుంచి కూడా తీసుకుందనే అనుకుందాం. ఆ ఆకు కొలనులోనే కుళ్లితే, ఊడ్చిన చెత్తను చేటలోకి ఎత్తి, ఆ చేటను గది మధ్యలోనే బోర్లించినట్టు అవుతుంది.

ఇక్కడ ఇంకొక చిక్కు ఉంది. అడుగు బురదలో భాస్వరం చాలావరకు ఇనుముతో కూడి గట్టిగా పట్టుబడి ఉంటుంది. బురద ఉపరితలానికి ఆక్సిజన్ అందుతున్నంత కాలం ఆ పట్టు సడలదు. పైనుంచి ఆకులు రాలి కుళ్లడం మొదలైతే, ఆ కుళ్లించే సూక్ష్మజీవులు అడుగున ఉన్న ఆక్సిజన్‌ను వాడేస్తాయి. ఆక్సిజన్ పోగానే ఇనుము రూపం మారి, పట్టి ఉంచిన భాస్వరాన్ని నీటిలోకి విడిచిపెడుతుంది. కుళ్లిన ఆకు తనలోనిది ఇవ్వడమే కాక, కిందనున్న పాత నిల్వకు కూడా తలుపు తీస్తుందన్న మాట.

పండిన ఆకును ఒకసారి చేతిలోకి తీసుకొని చూస్తే ఈ లెక్క అంతా కంటికి కనబడుతుంది. మొదట అంచున గోరంత పసుపు మొదలవుతుంది, ఆ పసుపులో గోధుమరంగు చుక్కలు లేస్తాయి, మైనం పూసినట్టు నీటిని జారవిడిచే పైపొర తన నునుపు కోల్పోయి తడిసిపోవడం మొదలవుతుంది. అడుగున నత్తలు పెట్టిన గుడ్లు జిగురు చుక్కల్లా అంటుకొని ఉంటాయి. పచ్చి ఆకు కాడను లాగితే దుంప దాకా కదిలి, రానని మొరాయిస్తుంది. పండిన ఆకు కాడ మాత్రం వేలికి చుట్టి మెల్లగా లాగగానే మొదలు దగ్గర ఊడి, ఏ పట్టూ లేకుండా వచ్చేస్తుంది. మరొక వారం ఆలస్యం చేస్తే ఆ కాడ చేతిలోనే చితికి, సగం పైకి వచ్చి సగం బురదలో ఉండిపోతుంది. వేళ్లకు అంటిన వాసన సబ్బుకు కూడా లొంగదు. తీయవలసిన సమయం ఎప్పుడన్న ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఆ వారమే.

నీడ మాటేమిటి

ఇంతదాకా చదివిన అనుభవజ్ఞులు ఒక అభ్యంతరం సిద్ధంగా ఉంచుకొని ఉంటారు. కలువ నాటిన కొలనులో నీరు తేటపడటం వాళ్లు కళ్లారా చూశారు కదా. నేనూ చూశాను. ఆ మాటను తోసిపుచ్చలేను. అయితే అక్కడ పని చేసింది కలువ వేళ్లు కాదు, దాని ఆకుల నీడ. నీటిని పచ్చబరిచే పాచికి పోషకంతోపాటు వెలుతురూ కావాలి. కలువ ఆకులు నీటి ఉపరితలంలో సగానికి పైగా కప్పినప్పుడు వెలుతురు తగ్గి పాచి వెనక్కి తగ్గుతుంది. ఎండాకాలంలో నీరు మరీ వేడెక్కకుండా కూడా ఆ నీడ కాస్తుంది. ఇది నిజమైన మేలు. ఇంత మేలు చేసే మొక్కను ఎవరైనా నాటవలసిందే.

కానీ నీడ ఆకలిని అణచినట్టే కానీ అన్నాన్ని తీసివేసినట్టు కాదు. పోషకం నీటిలో అలాగే ఉంది, పాచి మాత్రం వెలుతురు కోసం కాచుకొని ఉంది. చలిని తట్టుకొనే రకాలైతే శీతకాలంలో ఆకులన్నీ పడిపోతాయి. వాటిని తీయని కొలనులో రెండు పనులు ఒకేసారి జరుగుతాయి: నీడ తొలగిపోతుంది, కుళ్లిన ఆకుల పోషకం నీటిలో చేరుతుంది. ఆ తర్వాత ఎండ పదునెక్కే వేళకు కలువ ఇంకా దుంపలో నిద్ర లేస్తూ ఉండగానే పాచి పొలమంతా పండిస్తుంది. ఏటా వసంతంలో నీరు ఎందుకు పచ్చబడుతోందో తెలియడం లేదనే వాళ్లలో చాలామంది, ముందటి శీతకాలపు ఆకులను కొలనులోనే దాచుకున్నవాళ్లు.

నీడకు ఇంకొక వైపు కూడా ఉంది. కలువ ఆకు శ్వాసరంధ్రాలు దాని పైభాగంలో ఉంటాయి. అది తయారుచేసే ఆక్సిజన్ చాలావరకు గాలిలోకి పోతుంది, నీటిలోకి రాదు. నీటిలో ఆక్సిజన్ నింపేవి మునిగి పెరిగే మొక్కలు. పైన ఆకులు సందు లేకుండా కప్పేస్తే వాటికి వెలుతురు అందదు. నీటి ఉపరితలం మూసుకుపోవడంతో గాలి నుంచి నేరుగా కలిసే ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. అందుకే నిండుగా కప్పేసిన కొలను చూడటానికి పచ్చని తివాచీలా ఉన్నా, అందులోని చేపకు తెల్లవారుజాము గండంగా గడుస్తుంది. రాత్రంతా ప్రతి జీవీ ఆక్సిజన్ వాడుకున్నదే తప్ప తిరిగి చేర్చినది ఏదీ ఉండదు కనుక, నీటిలో దాని మట్టం అడుగంటేది సరిగ్గా ఆ వేళకే.

నాకు తెలిసిన ఒకాయన కొలనులో ఇలాగే జరిగింది. ఆయనకు ఆకులంటే మమకారం, ఒక్కటి కూడా తీయనిచ్చేవాడు కాదు. ఉదయాన్నే చేపలన్నీ ఆకుల సందుల్లో మూతులు పైకెత్తి నోళ్లు తెరిచి మూస్తుంటే, అవి తనను గుర్తుపట్టి మేత అడుగుతున్నాయని మురిసిపోయి, ఇంకో గుప్పెడు వేసేవాడు. వాటికి కావలసింది మేత కాదు, గాలి. వేసిన మేతలో తినగా మిగిలినది అడుగున కుళ్లేది, తిన్నది మరో రూపంలో నీటిలో చేరేది, ఆ రెండింటితో కలువ ఇంకా బలిసి ఇంకా ఆకులు వేసేది. ఆ ఇంట్లో ఆకులు తీయడం మొదలైంది ఆయన ఊరికి వెళ్లినప్పుడు, ఆయన భార్య చేతుల మీదుగా. ఆయన తిరిగొచ్చి కొలను బోడిగా ఉందని అలిగాడు. చేపలు మాత్రం పొద్దున్నే పైకి రావడం మానేశాయి. అవి తన మీద అలిగాయని ఆయన ఇప్పటికీ అనుకుంటాడు.

అందుకే సగం, లేదా సగానికి కొంచెం పైన కప్పితే చాలని, అంతకు మించితే తీసేయాలని అంటాను. ఆ సగం ఎక్కడ ఆగుతుందన్నది మొక్క నిర్ణయించదు.

బొమ్మలోని కొలను

కలువల కొలను అంటే ఏ పనీ లేని ప్రశాంతత అనే ఊహ మనకు చాలావరకు చిత్రాల నుంచి వచ్చింది. ఆ చిత్రాలలో జగమెరిగినవి ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే ఫ్రాన్స్‌లోని జివర్నీలో తన ఇంటి కొలను చూసి వేసినవి. ఆయనకు కలువ మొక్కలు అందించినవాడు జోసెఫ్ బోరీ లాటూర్-మార్లియాక్ అనే ఫ్రెంచి మొక్కల పెంపకందారు. అప్పటిదాకా ఐరోపా తోటల్లో చలిని తట్టుకొనే కలువ అంటే దాదాపు తెల్లనిదే. మార్లియాక్ ఆ తెల్ల కలువను ఉత్తర అమెరికా నుంచి వచ్చిన పసుపు, గులాబి రకాలతోనూ స్వీడన్ దేశపు ఎర్ర రకంతోనూ సంకరపరచి, పసుపు నుంచి ముదురు ఎరుపు దాకా రంగులు తెచ్చి, 1889లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో పెట్టాడు. 1893లో మోనే పక్కనున్న చిన్న నదీపాయ నీటిని తన కొలనులోకి మళ్లించడానికి అనుమతి అడిగినప్పుడు, ఈ పరాయి మొక్కలు నీటిని పాడుచేస్తాయేమోనని చుట్టుపక్కల రైతులు అభ్యంతరం చెప్పారు. వారి భయం చదివి నవ్వేవాళ్లు ఉన్నారు. నాకు నవ్వు రాదు. వాళ్లు కారణం సరిగా చెప్పలేకపోయి ఉండవచ్చు గానీ, నీటిలో కొత్తగా పెరిగేదాన్ని అనుమానించడం తెలివితక్కువతనం కాదు.

ఆ కొలను పాడుకాలేదు. ఎందుకు పాడుకాలేదన్నదే నా వాదనకు కావలసిన సంగతి. మోనే తోటమాలులలో ఒకరి పని ప్రత్యేకంగా ఆ కొలనే. ఆ మనిషి పొద్దున్నే చిన్న పడవలో తిరుగుతూ పండిన ఆకులు ఏరి, వాడిన పువ్వులు తీసి, దారి మీద నుంచి వచ్చి పడిన దుమ్మును ఆకుల పైనుంచి కడిగి, గుంపులు ఒకదానిలో ఒకటి కలవకుండా విడివిడిగా ఉంచేవాడు. చిత్రకారుడు కుంచె పట్టుకొనే వేళకు ఆ పని ముగిసి ఉండేది. చిత్రంలో పడవ కనబడదు, ఏరివేసిన ఆకుల కుప్పా కనబడదు. ఆకుల మధ్య ఆకాశం ప్రతిబింబించే ఆ ఖాళీ నీటిని మాత్రం మనం చూసి మెచ్చుకుంటాం. అది దానంతట అది ఖాళీగా ఉన్న నీరు కాదు, ఒక మనిషి రోజూ ఖాళీ చేసి ఉంచిన నీరు.

తొట్టిలోనా, నేలలోనా

తీసివేతే అసలు పని అని ఒప్పుకున్నాక, తీసివేత సులభమయ్యేలా నాటాలన్నది దాని వెనుకే వస్తుంది. చిన్న కొలనులో కలువను నేల మట్టిలో నాటడం నాకు ససేమిరా ఇష్టం లేదు. నేలలో పెట్టిన మొక్కకు పువ్వు పెద్దది వస్తుంది, ఆకు వెడల్పుగా వస్తుంది, నాటిన మొదటి రెండేళ్లు యజమాని మహా ఆనందంగా ఉంటాడు. ఆ తర్వాత దుంప ఎటు పాకిందో, ఏది పాతదో, ఏది కొత్తదో తెలియని చిక్కుముడి ఒకటి అడుగున తయారవుతుంది. దానిని విప్పాలంటే కొలను ఎండగట్టవలసిందే.

తొట్టిలో నాటితే ఆ చిక్కు లేదు. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న తొట్టి కావాలి. మట్టి బరువైన బంకమట్టి అయి ఉండాలి. కంపోస్టు, పశువుల ఎరువు, ఆకుల మన్ను ఏదీ కలపకూడదు. నీటి అడుగున అవి కుళ్లి, వాయువులు పుట్టి, మట్టిని పైకి తన్ని, నీటిని గోధుమరంగుకు తిప్పుతాయి. చలిదేశపు రకాల దుంప అడ్డంగా పాకుతుంది కనుక దానిని తొట్టి అంచున ఏటవాలుగా, చిగురు మధ్య వైపు చూసేలా పెట్టాలి. ఉష్ణమండలపు రకాలు ఉన్నచోటే నిలువుగా ఎదుగుతాయి కనుక వాటిని నడిమధ్యలో పెట్టాలి. ఏ రకమైనా చిగురు మట్టిలో పూడకూడదు. మట్టి చెదరకుండా పైన గులకరాళ్లు పరిచేటప్పుడు చిగురు చుట్టూ చోటు వదలడం మరిచిపోయేవారు ఎక్కువ. చిన్న మొక్కను మొదట ఇటుకల మీద ఎత్తుగా ఉంచి, ఆకులు పైకి అందుకుంటున్న కొద్దీ దించుతూ పోవాలి. ఎండ రోజుకు ఐదారు గంటలైనా పడాలి, ఫౌంటెన్ జల్లు ఆకుల మీద పడకూడదు.

ఎరువు దగ్గరకు వచ్చేసరికి నా వాదనలో నాకే ఒక ఇబ్బంది ఎదురవుతుంది. పోషకాలు తగ్గించాలని ఒక పక్క చెబుతూ, మరో పక్క ఎరువు బిళ్లలు గుచ్చడం ఏమిటని ఎవరైనా అడగవచ్చు. కలువ తిండిపోతు మొక్క. తొట్టిలోని కొద్దిపాటి మట్టిని త్వరగా పీల్చేస్తుంది, ఆ తర్వాత ఆకులు చిన్నవై పువ్వులు ఆగిపోతాయి. ఎరువు వేయకుండా పువ్వు కావాలనడం కుదరదు. నేను చేసుకున్న రాజీ ఏమిటంటే, పక్కలు మూసి ఉన్న తొట్టినే వాడతాను, జల్లెడ బుట్టలు వాడను. బిళ్లను వేలు పూర్తిగా దిగినంత లోతున బంకమట్టిలో గుచ్చి, ఆ రంధ్రాన్ని మట్టితోనే పూడుస్తాను. బంకమట్టి పోషకాన్ని బాగా పట్టి ఉంచుతుంది, మూసిన పక్కలు దానిని నీటి నుంచి దూరంగా ఉంచుతాయి. జల్లెడ బుట్టలే మంచివని, వేళ్లకు గాలి ఆడుతుందని వాదించే పెంపకందారులు ఉన్నారు. నేను చూసినంతలో ఆ సందుల నుంచి వేళ్లు బయటికి వచ్చి పక్క తొట్టిలోకి దూరడం తప్ప వేరే మేలు కనబడలేదు. ఏమైనా లోపల పెట్టిన ఎరువంతా చివరికి ఆకుగానే మారుతుంది కనుక, ఎరువు వేసేవాడికి ఆకు తీసే బాధ్యత రెట్టింపవుతుంది. ఈ ఇబ్బందికి ఇంతకన్నా మంచి సమాధానం నా దగ్గర లేదు.

రెండు మూడేళ్లకు తొట్టి నిండుతుంది. ఆకులు పరుచుకోవడానికి చోటు లేక నీటిపైన గొడుగుల్లా నిలబడతాయి, పువ్వులు వాటి కింద దాక్కుంటాయి. అప్పుడు తొట్టిని పైకి తీసి, దుంపను కడిగి చూస్తే, ముందువైపు చిగురు దగ్గర తెల్లని గట్టి వేళ్లు, వెనకవైపు నల్లబడి నొక్కితే మెత్తగా దిగిపోయే పాత భాగం కనబడతాయి. చిగురుతో కలిపి జానెడు ముక్కను పదునైన కత్తితో కోసి కొత్త మట్టిలో పెట్టాలి, మిగిలినది పారేయాలి. ఎక్కడ పారేయాలన్నది చిన్న విషయం కాదు. బతికిన దుంప ముక్క ఏదైనా దగ్గరి వాగులోనో చెరువులోనో పడితే అక్కడ పాతుకుంటుంది. ఉత్తర అమెరికా తూర్పు భాగానికి చెందిన సువాసన తెల్ల కలువ, అదే ఖండపు పడమటి కొసన ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో ప్రభుత్వం గుర్తించిన కలుపు మొక్క. అక్కడి సరస్సులలోకి దానిని చేర్చింది పూలమీది ప్రేమే. నేను దుంపలను ఎండలో బాగా ఎండబెట్టాకే ఎరువు గుంతలో వేస్తాను. ఆ గుంత కొలనుకు ఎగువన ఉండకూడదు, వాన పడితే అందులోని సారం తిరిగి కొలనులోకే పారుతుంది.

పురుగుల గురించి ఒక్క మాట చాలు. ఆకుల మీద, మొగ్గల మీద నల్లగా ముసిరే పేనుబంకను పైపుతో నీళ్లు చిమ్మి నీటిలో పడేస్తే చేపలు తినేస్తాయి; ఎక్కువగా పట్టిన ఆకును తీసేయవచ్చు. మందు కొడితే ముందు చచ్చేది చేప.

ఎంత తీయాలి అన్న సందేహం

తీసివేతను ఇంతగా సమర్థించాక, దానికి హద్దు ఎక్కడన్నది నన్ను చాలాకాలం తికమకపెట్టింది. కొందరు పెంపకందారులు పాత ఆకులన్నీ, పండకముందే, ఒకేసారి గీకేస్తారు. మొక్క కొత్త ఆకులు వేయడానికి ఉత్సాహపడుతుందని వాళ్ల వాదన. దీనిని నేను ఒప్పుకోలేకపోవడానికి కారణం 1980లో జాన్ డేసీ అనే శాస్త్రవేత్త కలువ కుటుంబానికే చెందిన పసుపు నీటికలువ మీద ప్రచురించిన పరిశోధన. అడుగు బురదలో ఆక్సిజన్ దాదాపు ఉండదు. మరి అందులో పాతుకున్న దుంప ఎలా ఊపిరి తీసుకుంటోంది? ఎండకు వెచ్చబడిన లేత ఆకులలో గాలి పీడనం కొద్దిగా పెరుగుతుంది, ఆ పీడనంతో గాలి కాడల గుండా దుంపలోకి దిగుతుంది, అక్కడి నుంచి పాత ఆకుల కాడల గుండా పైకి లేచి బయటికి పోతుంది. ఒక్క ఆకు గుండా రోజుకు 22 లీటర్ల దాకా గాలి లోపలికి వెళ్లగలదని ఆయన లెక్కగట్టాడు. పాత ఆకు రంధ్రాలు పీడనాన్ని పట్టి ఉంచలేనంత సడలి ఉంటాయి కనుకనే అది బయటికి పోయే దారిగా పనిచేస్తుంది.

అంటే పచ్చగా ఉన్న పాత ఆకు పనిలేని ముసలిది కాదు. దానిని తీసేస్తే దుంపలోకి దిగిన గాలికి బయటికి పోయే దారి తగ్గుతుంది. ఆ పరిశోధన జరిగింది పసుపు నీటికలువలో, మన కొలనుల్లోని రకాలన్నీ అంతే బలంగా ఊపిరి పీలుస్తాయని నేను అనను. అయినా పచ్చదనం సగానికి పైగా పోయిన ఆకునే తీయాలని, పచ్చటి ఆకును ఉపరితలం మరీ నిండిపోతే తప్ప ముట్టుకోకూడదని నేను పెట్టుకున్న నియమానికి ఇది ఆధారం.

రెండో సందేహం ఇంకా బరువైనది. ప్రతి ఆకూ ఎన్నో ప్రాణులకు ఇల్లు. అడుగున నత్తలు, కాడల నడుమ తూనీగల పిల్లపురుగులు ఉంటాయి. సన్నతూనీగలైతే కాడను చీల్చి లోపలే గుడ్లు పెడతాయి. ఆకులు ఏరినప్పుడల్లా వీటిలో కొన్నింటిని కూడా ఏరుతున్నాం. ఏరిన ఆకులను ఒక రోజు నీటి అంచునే ఉంచితే నడవగలిగినవి తిరిగి నీటిలోకి జారుకుంటాయి. కాడలోని గుడ్లకు ఆ అవకాశం లేదు. అందుకని ఒక మూలన కొన్ని ఆకులను పండినా తీయకుండా వదిలేస్తాను. నా లెక్క ప్రకారం అది నీటికి నష్టమే. తూనీగ కోసం ఆ నష్టం భరిస్తాను.

ఇక ఎవరూ ఆకులు ఏరని సహజమైన సరస్సులలో కలువలు యుగాలుగా బాగానే ఉన్నాయి కదా అన్నది చివరి అభ్యంతరం. ఉన్నాయి, కానీ ఆ సరస్సులు ఉన్నచోట ఉండటం లేదు. ఏటేటా ఆకులు, కాడలు అడుగున పేరుకొని, లోతు తగ్గి, అంచుల నుంచి రెల్లు, తుంగ ముందుకు జరిగి, లోతు తక్కువైన సరస్సు బురదనేలగా, తర్వాత పచ్చికగా మారడం ప్రకృతిలో మామూలు విషయం. దానికి వందలు, వేల ఏళ్లు పట్టవచ్చు కనుక మన కళ్లకు అది స్థిరంగా కనబడుతుంది. పైగా పెద్ద సరస్సుకు నీరు తెచ్చే వాగులు, తీసుకుపోయే కాలువలు ఉంటాయి, కలువ దిగలేనంత లోతైన నడిమి భాగం ఉంటుంది. ప్లాస్టిక్ పట్టా పరిచి, మోకాలి లోతు నీరు నింపిన కొలనుకు ఇవేవీ లేవు. అదే ప్రక్రియ అక్కడ కొన్నేళ్లలోనే పూర్తవుతుంది. పెద్ద చెరువుల విషయంలో నా వాదన వర్తించదని ముందే ఒప్పుకుంటాను; అక్కడ చేత్తో ఏరడం ఎవరి తరమూ కాదు, అక్కడి లెక్కలు వేరు.

కాబట్టి రకాన్ని ఎంచుకొనేటప్పుడు పువ్వు రంగు చూడటానికి ముందు చెయ్యి ఎంత దూరం చాస్తుందో చూసుకోవాలని నేను చెబుతుంటాను. గట్టు మీద మోకాళ్లు ఆనించి వంగితే మనిషి చెయ్యి బారెడు కన్నా తక్కువే అందుతుంది. హెల్వోలా వంటి మరుగుజ్జు రకం ఆ హద్దులో హాయిగా ఇముడుతుంది, వెడల్పాటి తొట్టిలో కూడా పూస్తుంది. గ్లాడ్‌స్టోనియానా వంటి పెద్ద తెల్లరకం రెండు మీటర్ల మేర పరుచుకుంటుంది. దానిని కొలను నడుమ పెడితే గట్టు నుంచి అందే ఆకులను తీస్తాం, అందనివి లోపల కుళ్లుతాయి. అంత పెద్ద రకమే కావాలనుకుంటే తొట్టిని గట్టుకు దగ్గరగా పెట్టాలి, లేదంటే పొడవాటి కర్రకు కట్టిన కత్తెర ఒకటి ముందే సమకూర్చుకోవాలి. మొక్కను తెచ్చిన రోజునే కత్తెర తెచ్చుకునేవాళ్లను నేను చాలా తక్కువమందిని చూశాను.